సువార్త వ్యానులో అయిదు రోజులు

క్రిస్మస్ పాటల బృందాలు, డిసెంబరు 25 ఆరాధన, 31వ తేదీ రాత్రి కూడిక, జనవరి ఒకటిన బల్ల ఆరాధన, ఇవన్నీ ముగిసేసరికి పల్లెటూరి సేవకుని ఇల్లు ఎలా ఉంటుందో సేవకుల కుటుంబాలకు మేము వేరే చెప్పనక్కరలేదు. గొంతు పోయి ఉంటుంది. సంఘపు గుండిగలు తోమకుండా పెరట్లో పడి ఉంటాయి. వరండాలో ఎవరివో చెప్పులు, ఎవరిదో గొడుగు. 2024 జనవరి ఒకటవ తేదీ తెల్లవారుజామున మేము మందిరము నుండి ఇంటికి వచ్చేసరికి నాలుగయింది. మా పెద్దవాడు ఒక్కడే వంటింటి గడపమీద కూర్చుని చల్లారిన పులిహోర తింటున్నాడు. వాడు ఇంటర్ రెండవ సంవత్సరము. దసరా నుండి కుటుంబ ప్రార్థనకు కూర్చోవడం మానేశాడు. అడిగితే చదువు అంటాడు. క్రొత్త సంవత్సరమైనా సరిగా మొదలుపెట్టమని రెండు మాటలు చెప్పబోయాము.

వాడు తల ఎత్తి, "నాన్నా, ఊళ్ళో అందరి పిల్లల పేర్లూ మీకు కంఠతా వచ్చు. నాకు కళ్ళజోడు పెట్టి ఎన్నాళ్ళయిందో చెప్పండి" అన్నాడు.

"దసరాకి కదా" అన్నాము.

"దసరాకే. మొన్నటిది కాదు, అంతకు ముందటి దసరాకి."

ఆ మాట అని నవ్వాడు. కోపపడి ఉంటే మాకు ఇంత బాధ ఉండేది కాదు.

రెండు రోజులు ఆ నవ్వే మా చెవుల్లో మెదిలింది. వాడితో కూర్చుని మాట్లాడదామని చూశాము. మొదటి రోజు పెళ్ళి సంబంధము గురించి ఒక కుటుంబము వచ్చింది. రెండవ రోజు జ్వరం వచ్చిన బిడ్డను ప్రార్థనకు తెచ్చారు. మూడవ రోజు మా శ్రీమతి, "ఏమండీ, వాడితో మీరు మాట్లాడాలంటే ఇక్కడ కుదరదు. ఈ ఇంటికి తలుపు లేదు" అంది. తలుపు ఉంది. మూసే అలవాటు లేదని ఆమె ఉద్దేశము.

మా సంఘానికి పదమూడు సీట్ల పాత వ్యాను ఒకటి ఉంది. పల్లెల్లో సువార్త కూడికలకు అదే ఆధారము. ముందు అద్దముపైన ఎర్ర అక్షరాలతో 'యేసు పిలుచుచున్నాడు' అని వ్రాయించాము. విదేశాలలో మంచము, పొయ్యి, నీళ్ళ తొట్టి అమర్చిన బండ్లలో కుటుంబాలు వారాల తరబడి సముద్ర తీరాలు, అడవులు చూసి వస్తాయి. వాటిని క్యాంపర్ వ్యాన్ అంటారు. మన వ్యానును అలా చేయలేమా అని మా అమ్మాయి ఎప్పటినుండో అడుగుతూ ఉంది. ఎనిమిదవ తరగతి పిల్ల, దానికి అన్నీ సాధ్యమే. ఈసారి దాని మాట విన్నాము.

మధ్యనున్న ఆరు సీట్లు విప్పించి మందిరపు బెంచీలు రెండు పెట్టి, పైన ప్లైవుడ్ పలక, దానిమీద కొబ్బరిపీచు పరుపు వేశాము. బెంచీల క్రింద బియ్యము, కందిపప్పు, ఆవకాయ జాడీ, గిన్నెలు, పెద్దవాడి పుస్తకాలు. కిటికీలకు పాత చీరల తెరలు. అయిదు కిలోల చిన్న గ్యాసు బండ, ఒక పొయ్యి, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు, బకెట్టు, చెంబు, దుప్పట్లు. ఎవరైనా ఇలా వెళ్ళదలచుకుంటే ఒక సంగతి జ్ఞాపకముంచుకోండి. తలుపులు మూసి బండిలో పొయ్యి వెలిగించకూడదు. మేము ప్రతి పూటా పొయ్యి క్రిందికి దించి చెట్టు చాటున పెట్టుకున్నాము. రాత్రి పడుకున్నప్పుడు కూడా రెండు ప్రక్కలా అద్దాలు కొంచెము తీసే ఉంచాము.

సంఘపు బండి సొంతానికి వాడుకుంటున్నాము కనుక కమిటీని అడిగి, అయిదు రోజుల అద్దె ముందుగా కానుకల పెట్టెలో వేశాము. డీజిలు మాదే. మొత్తము మీద రూ. 6,500 అయింది. అయినా సంఘ పెద్దలలో ఒకరు, "అయ్యగారికి షికార్లు కూడా కావలసి వచ్చాయా" అన్నారని మా చెవిన పడింది. మేము జవాబు చెప్పలేదు. నిజానికి మా దగ్గర జవాబు లేదు. మా నాన్నగారు ముప్పది ఏండ్లు సేవ చేసి ఒక్క రోజు కూడా షికారు వెళ్ళలేదు. అది భక్తి అనే మేము పెరిగాము.

జనవరి 9, మంగళవారము తెల్లవారుజామున బయలుదేరాము. మైకు హారన్లు విప్పి మందిరములో పెట్టాము. అద్దముపైన అక్షరాలు మాత్రము రంగుతో వ్రాసినవి గనుక విప్పడానికి వీలు కాలేదు.

యానాం వంతెన దాటి, తాళ్ళరేవు మీదుగా కోరింగ చేరేసరికి ఎండ ఎక్కింది. గోదావరి సముద్రములో కలిసే చోట పెరిగిన మడ అడవి అది. 1978లో దానిని అభయారణ్యముగా ప్రకటించారు. ఉప్పునీటిలో మరే చెట్టూ బ్రతకనిచోట మడచెట్లు బ్రతుకుతాయి. బురదలో గాలి ఆడదు కనుక వాటి వేళ్ళు మేకుల్లాగా పైకి పొడుచుకు వచ్చి గాలి పీల్చుకుంటాయి. చెక్కల వంతెన మీద నడుస్తూ మా అమ్మాయి ఆ వేళ్ళను లెక్కపెట్టబోయి మానేసింది. చేపలు పట్టి తినే నీటిపిల్లులు అక్కడ ఉన్నాయి గానీ అవి రాత్రి తిరిగేవి, మాకు కనబడలేదు.

అక్కడ పిల్లలకు రెండు ఉప్పెనల గురించి చెప్పాము. 1839 నవంబరులో వచ్చినది కోరింగ ఓడరేవును తుడిచిపెట్టింది. ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు అది. రెండవది మేము కళ్ళారా చూసినది, 1996 నవంబరు 6న వచ్చినది. మేమప్పుడు హైస్కూలులో ఉన్నాము. సాయంకాలము గాలి మొదలయింది. మా నాన్నగారు వీధిలోని వారందరినీ మందిరపు స్లాబు క్రిందికి చేర్చి, తలుపుకు బెంచీలు అడ్డము పెట్టి రాత్రంతా నిలబడ్డారు. తెల్లవారి చూస్తే మా ఊరి కొబ్బరితోటలు నేలకు పరచినట్లున్నాయి. తీరము వెంబడి వెయ్యిమందికి పైగా పోయారు. సముద్రానికి, ఊరికి మధ్య మడ అడవి ఉన్నచోట ఆ అడవే చాలావరకు దెబ్బ కాచిందని ఆ ప్రక్క పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారు.

"తాతయ్య భయపడ్డారా?" అని అడిగాడు పెద్దవాడు. ఆ రోజు వాడు మాతో మాట్లాడిన మొదటి మాట అదే. ఏమో, మేము ఎన్నడూ అడగలేదు అన్నాము.

కాకినాడ దాటి సముద్రపు ఒడ్డు రోడ్డున ఉప్పాడ వెళ్ళాము. ఇక్కడ సముద్రము ఏటేటా భూమిని కోసుకుపోతూ ఉంది. రాళ్ళు పోస్తారు, అలలు లాక్కుపోతాయి, మళ్ళీ పోస్తారు. ఒక ముసలాయన నీళ్ళలో ఊగుతున్న పడవను చూపించి, "అదిగో, ఆ పడవ దగ్గర ఉండేది మా తాత ఇల్లు" అన్నాడు. ఊరి లోపల మగ్గాలమీద జాందానీ చీరలు నేస్తున్నారు. ఒక్క చీరకు వారాలు పడుతుందట. ఇంటి ముందు సముద్రము ఒక ఇంటిని తింటూ ఉంటే లోపల ఇంత నెమ్మదిగా పువ్వులు ఎలా నేస్తారో అని మా శ్రీమతి చాలాసేపు నిలబడి చూసింది.

ఆ రాత్రి ఒక మత్స్యకార గ్రామములో చిన్న మందిరపు ఆవరణలో బండి ఆపుకోవడానికి అనుమతి అడిగాము. ఇచ్చారు. వలలో పడిన కోనాము ముక్కలు కూడా ఇచ్చారు. అంతలో అద్దముపైన అక్షరాలు ఎవరో చదివారు. "అయ్యగారు వచ్చారంట" అనే మాట వీధి దాటేసరికి చీకటి పడింది. ఇరవైమంది స్త్రీలు వచ్చి ఇసుకలో కూర్చున్నారు. కాదనడానికి నోరు రాలేదు. గంటంబావు వాక్యము చెప్పి, ఒక్కొక్కరికి ప్రార్థన చేసి తిరిగి వచ్చేసరికి పిల్లలు నిద్రపోయారు. చేపల కూర చల్లారిపోయింది.

మార్కు సువార్త ఆరవ అధ్యాయములో ఇటువంటి సంగతే ఉంది. వచ్చేవారు, పోయేవారు ఎక్కువై శిష్యులకు భోజనము చేయడానికి కూడా సమయము లేకపోతే ప్రభువు వారిని ఏకాంతమైన అరణ్య ప్రదేశానికి రమ్మన్నాడు. వారు దోనె ఎక్కి వెళ్ళేసరికి జనము వారికంటే ముందే అక్కడ ఉన్నారు. ప్రభువు వారిమీద కనికరపడ్డాడు. ఈ భాగము మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. ఎప్పుడూ కనికరము గురించే చెప్పాము. శిష్యుల విశ్రాంతి ఏమయిందో ఒక్కసారి కూడా చెప్పలేదని ఆ రాత్రి చల్లారిన కూర తింటూ గుర్తుకు వచ్చింది. మరునాడు ఉదయము మా శ్రీమతి నాలుగు పాత వార్తాపత్రికలు తెచ్చి, అన్నము మెతుకులతో ఆ అక్షరాల మీద అంటించింది. మేము చూసీ చూడనట్లు ఊరుకున్నాము.

బుధవారము తుని, అనకాపల్లి మీదుగా పెద్ద రోడ్డు. దాని గురించి చెప్పడానికేమీ లేదు, లారీలు తప్ప. విశాఖపట్నము చేరాక పిల్లలకు ఒక్క సంగతి చెప్పాము. మన చేతిలో ఉన్న తెలుగు బైబిలుకు ఈ ఊరితో సంబంధముంది. లండన్ మిషనరీ సొసైటీ వారు పంపగా జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో ఇక్కడికి వచ్చారు. ఆనందరాయరు అనే సహోదరుని సహాయముతో తెలుగు నేర్చుకుంటూ సువార్తలు తెలుగు చేయసాగారు. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజెస్ ప్రభువు నందు నిద్రించారు. మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురములో అచ్చయ్యేసరికి ఆ పుస్తకమును చేతపట్టుకోవడానికి ఇద్దరిలో ఒక్కరూ లేరు.

సాయంకాలము భీమిలి వెళ్ళే దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగాము. ఒకప్రక్క నీలి సముద్రము, ఈ ప్రక్క రక్తమువంటి ఎర్రని ఇసుక కొండలు. వేల సంవత్సరాలుగా గాలి పోగుచేసిన ఇసుకను వాన నీళ్ళు నిలువునా కోసి లోయలు చేశాయి. ఇటువంటివి తమిళనాడులోను, శ్రీలంకలోను మాత్రమే ఉన్నాయని చెబుతారు. లోయలోకి కొంచెము దూరము దిగితే అలల చప్పుడు కూడా వినబడదు.

అక్కడ మా పెద్దవాడు అడిగాడు: "నాన్నా, యేసుప్రభువు నలభై రోజులు అరణ్యములో ఉన్నాడంటారు కదా. చిన్నప్పటి నుండి నేను మారేడుమిల్లి అడవిలాంటిది అనుకుంటున్నాను. అక్కడ ఆయనకు పండ్లు దొరకలేదా?"

మేము నవ్వాము గానీ అది మంచి ప్రశ్న. అరణ్యము అంటే మనకు చెట్లు, నీళ్ళు, మృగాలు. యూదయ అరణ్యము అటువంటిది కాదు. అది రాళ్ళు, ఎండిన లోయలు, ఎండ. హెబ్రీలో 'మిద్‌బార్' అంటే ఊళ్ళు లేని బయలు, వానపడ్డప్పుడు గొర్రెలు మేసే చోటు. గ్రీకులో 'ఎరేమోస్' అంటే మనుష్యులు లేని చోటు. డిప్లమా చదివిన రోజుల్లో మా గురువుగారు ఈ రెండు మాటలు బల్లమీద వ్రాసి, చెట్లున్నాయా లేవా అని కాదు, మనుష్యులున్నారా లేరా అని చూడండి అనేవారు. ఇన్నాళ్ళకు ఆ మాట మా కుమారునికి అప్పజెప్పాము. వాడు ఆ ఎర్రమట్టిలో కూర్చుని చాలాసేపు విన్నాడు. హాగరు గురించి, బదరీ వృక్షము క్రింద చనిపోవాలని కోరుకున్న ఏలీయా గురించి చెప్పుకున్నాము. దూత ఏలీయాను గద్దించలేదు. రొట్టె పెట్టి నిద్రపోనిచ్చింది, లేపి మళ్ళీ రొట్టె పెట్టింది. "ఆయనకు కూడా పరీక్షలు దగ్గరపడ్డాయేమో" అన్నాడు వాడు. మా అమ్మాయి నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది.

గురువారము ఉదయము భీమిలి. డచ్చివారి పాత సమాధులు చూశాము. రాళ్ళ మీద అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి. ఇంటికి ఎన్ని నెలల ప్రయాణ దూరములో ఇక్కడ చనిపోయారో పాపము. తరువాత గోస్తనీ నది సముద్రములో కలిసేచోట నిలబడ్డాము. నది అక్కడ వెడల్పుగా, నెమ్మదిగా, మురికిగా ఉంది. ఇదే నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయము నింపి, ఇక్కడికి వస్తుంది. "సాయంకాలానికి దీని మొదలు దగ్గర ఉంటాము" అని పిల్లలకు చెప్పాము. బహుశా ఈ ప్రయాణములో మాకు అన్నిటికంటె నచ్చినది ఇదే. నదికి ఎదురు వెళ్ళడము.

శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలయింది. రెండవ గేరులో, కొన్ని మలుపుల్లో మొదటి గేరులో, ఎద్దుబండి వేగముతో ఎక్కాము. రోడ్డు ప్రక్క సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియపు తీగలు. గూడేలలో వాకిళ్ళ నిండా కాఫీ పండ్లు ఎండబోశారు. బొర్రా గుహలో చల్లని చీకటి. సున్నపురాతి పైకప్పు నుండి ఒక్కొక్క చుక్క జారి, ఆ చుక్కలోని సున్నము పేరుకుని స్తంభాలయ్యాయి. ఆవు పొదుగువంటి ఆ రాళ్ళను బట్టే నదికి గోస్తని అనే పేరు వచ్చిందని స్థానికులు చెబుతారు. లోయలో నది చప్పుడు మాత్రము వినబడింది. ప్రొద్దున చూసిన ఆ ముసలి నది ఇక్కడ చిన్నపిల్లలా గెంతుతూ ఉంది. 1960లలో కొండలు తొలిచి వేసిన కొత్తవలస - కిరండూల్ రైలు మార్గము అటుగానే వెళ్తుంది. ఇనుప ఖనిజపు గూడ్సు వెళ్ళేవరకు అమ్మాయి కదలనన్నది.

అరకు సుమారు 3,000 అడుగుల ఎత్తు. చీకటి పడేసరికి దుప్పట్లు చాలలేదు. ఒక తెలిసిన సహోదరుని పెరట్లో బండి ఆపుకున్నాము. పప్పు ఉడుకుతూ ఉంది. ఫోనుకు సిగ్నలు అందగానే ఏడు మిస్డ్ కాల్స్. మా సంఘములో పెద్దావిడ, ఆ రోజు మధ్యాహ్నము ప్రభువు పిలుపు అందుకున్నది. మరునాడు పన్నెండు గంటలకు భూస్థాపన. ఆవిడ ఎవరో కాదు, షికారు అని మాట అన్న పెద్దగారి తల్లి.

మేము ఫోను పెట్టి ఏమీ అనలేదు. అనవలసిన అవసరము కూడా రాలేదు. తల ఎత్తి చూస్తే మా అమ్మాయి దుప్పట్లు మడతపెడుతూ ఉంది. పెద్దవాడు పొయ్యి ఆపి, సగము ఉడికిన పప్పు గిన్నె మీద మూత బిగించి గుడ్డ కడుతున్నాడు. మా శ్రీమతి నీళ్ళ క్యాను మూత పెడుతూ ఉంది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఎవరి ముఖములోనూ కోపము లేదు. చేతులు వాటంతట అవే పని చేసుకుపోతున్నాయి. ఎన్నిసార్లు ఇలా చేస్తే పిల్లల చేతులకు ఇంత అలవాటవుతుందో మీరే ఆలోచించండి. మేము ఆ గిన్నెకు కట్టిన గుడ్డ వైపు చూస్తూ ఎంతసేపు నిలబడ్డామో తెలియదు.

ప్రక్క ఊరి సేవకునికి ఫోను చేశాము. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. తరువాత పెద్దగారికి చేశాము. రాత్రివేళ ఘాట్ దిగి రాలేమని, శనివారము వచ్చి కూర్చుంటామని చెప్పాము. అందులో సగమే నిజము. వెళ్ళాలనుకుంటే నెమ్మదిగా దిగి, తెల్లవారేసరికి చేరేవాళ్ళము. ఆయన కొంచెముసేపు ఊరుకుని, "మీ ఇష్టమండి" అన్నారు. ఆ మాటలోని బరువు పల్లెలో బ్రతికినవారికి తెలుస్తుంది.

ఇది సరియైనదేనా అని ఎవరైనా అడిగితే, ఔనని బల్లగుద్ది చెప్పలేము. ఆవిడ మా ప్రసంగాలు పన్నెండేండ్లు విన్నది. పండుగకు మా పిల్లలకు కొబ్బరి నూజు చేసి పంపేది. ఆవిడ మంచము ప్రక్కన చివరిసారి చదువవలసినది మేమే. ఆ రాత్రి పప్పు మళ్ళీ పొయ్యిమీద పెట్టాము. మా అమ్మాయి దుప్పట్లు మళ్ళీ విప్పింది. అందరము ఆవిడ కుటుంబము కొరకు ప్రార్థన చేశాము. పెద్దవాడు కూడా కూర్చున్నాడు. మేము రమ్మని పిలువలేదు.

శుక్రవారము పాడేరు, చింతపల్లి మీదుగా లంబసింగి. పన్నెండు గంటలకు ఒక కాఫీ తోట అంచున బండి ఆపి కొంచెముసేపు మౌనముగా కూర్చున్నాము. మిగిలిన రోజంతా కొండలు, మంచు, మలుపులు. లంబసింగికి కొర్రబయలు అని మరో పేరు. బయట ఉంటే చలికి కొయ్యలా బిగిసిపోతారని ఆ పేరు పెట్టారట. మరునాడు తెల్లవారుజామున చెరువులవేనము కొండమీద నుండి చూస్తే క్రింద లోయంతా తెల్లని మేఘాలు సముద్రములా పరచుకుని ఉన్నాయి. మధ్యలో కొండ శిఖరాలు దీవుల్లాగా తేలుతున్నాయి. మంగళవారము చూసిన సముద్రము ఇక్కడికి ఎలా వచ్చిందని అమ్మాయి ఆశ్చర్యము.

నర్సీపట్నము వైపు దిగేటప్పుడు తప్పు చేశాము. తొందరలో మూడవ గేరులోనే దించుతూ మలుపు మలుపుకూ బ్రేకు నొక్కుతున్నాము. పెద్దవాడు ముక్కు పట్టి, "నాన్నా, ఏదో కాలుతున్న వాసన" అన్నాడు. అప్పటికే పెడలు మెత్తబడి లోపలికి దిగిపోతూ ఉంది. గేరు తగ్గించి, కొండవైపు వెడల్పున్న చోట హ్యాండు బ్రేకు లాగి ఆపాము. బండి పూర్తిగా ఆగకముందే వాడు దిగి, రెండు పెద్ద రాళ్ళు తెచ్చి చక్రాల ముందు వేశాడు. చక్రాల దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. వెనుక వచ్చిన లారీ డ్రైవరు ఆగి చూసి, "నీళ్ళు పోయకండి, డ్రమ్ము పగులుతుంది. గంటన్నర చల్లారనివ్వండి. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలండీ" అని చెప్పి వెళ్ళాడు.

క్రిందటి రాత్రి చీకట్లో దిగి ఉంటే ఏమయ్యేదో, అందుకే దేవుడు ఆపాడు అని చెప్పుకోవడానికి ఇది మంచి సాక్ష్యము. మా వ్యాను సంగతి విన్న ఇద్దరు ముగ్గురు అలాగే అన్నారు. మేము మాత్రము అలా చెప్పము. ఆ ఇంటివారి దుఃఖాన్ని మా నిర్ణయానికి సాక్షిగా నిలబెట్టడము మాకు ఇష్టము లేదు. మేము బ్రేకు ఎక్కువ నొక్కాము, అది వేడెక్కింది. అంతే.

ఆ గంటన్నరలో తల్లీ కూతుళ్ళు బండిలో నిద్రపోయారు. మేము, పెద్దవాడు రోడ్డు ప్రక్క రాతిమీద కూర్చున్నాము. వాడు కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుస్తూ, "నేను పాస్టరును అవ్వను నాన్నా" అన్నాడు.

వాడు పుట్టిన ఎనిమిదవ నెలలో సంఘమంతటి ఎదుట వాడిని ఎత్తి, హన్నా సమూయేలును ఇచ్చినట్లు ఇస్తున్నామని మ్రొక్కుకున్నాము. అప్పటి నుండి ఊరంతా వాడిని 'చిన్న అయ్యగారు' అంటారు. ఆ పిలుపు తనకు మెడలో బరువులా ఉంటుందని, వ్యవసాయ కళాశాలలో చదవాలని ఉందని, దసరా నుండి ప్రార్థనలో కూర్చుంటే ప్రతిరోజు మేము ఆ మ్రొక్కుబడినే ప్రస్తావిస్తున్నామని వాడు చెప్పాడు. అది నిజమే. మేము గమనించనేలేదు. వాడికి ప్రార్థన మీద విసుగు కాదు. తన పేరు వినవలసి వస్తుందని భయము.

"దేవునికి కోపం వస్తుందా?" అని అడిగాడు.

మా నోట నాలుగు వాక్యభాగాలు వచ్చాయి. ఒక్కటీ బయటికి అనలేదు. మ్రొక్కుకున్నది మేము, నీవు కాదు అని మాత్రము చెప్పాము. ఆ మ్రొక్కుబడి సంగతి మేము దేవునితో మాట్లాడుకుంటాము, నీవు నీ పరీక్ష వ్రాయి అన్నాము. ఈ విషయములో మాకు ఇంకా పూర్తి సమాధానము లేదు. ఆ రాతిమీద మాకు ఏడుపు వచ్చింది. వాడు చూడనట్లు లేచి వెళ్ళి చక్రము తడిమి, "చల్లారింది నాన్నా" అన్నాడు. రెండవ గేరులో దిగాము.

నర్సీపట్నము, తుని, కత్తిపూడి, కాకినాడ. మా ఊరు చేరేసరికి దీపాలు పెట్టారు. మర్నాడు భోగి గనుక వీధుల్లో దుంగలు పోగుచేస్తున్నారు. బండి ఇంటివైపు తిప్పకుండా నేరుగా పెద్దగారి వీధిలో ఆపాము. మీరు వెళ్ళి రండి అని పిల్లలతో అంటే, నేనూ వస్తానన్నాడు పెద్దవాడు.

పెద్దగారు అరుగుమీద ఒక్కరే కూర్చున్నారు. మమ్మల్ని చూసి లేవలేదు. వారి ఇంటావిడ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. భూస్థాపన ఎలా జరిగిందని అడిగాము. "జరిగిందండి" అన్నారు. ఎవరు వాక్యము చెప్పారో, ఎంతమంది వచ్చారో చెప్పలేదు. మేము నిలబడే ఉన్నాము. లోపలి గదిలో ఆవిడ మంచము అప్పటికే గోడకు చేర్చి నిలబెట్టారు. దిండుమీద ఉండే ఆవిడ బైబిలు ఇప్పుడు కిటికీలో ఉంది.

పెద్దగారు మా అబ్బాయి చెప్పులకు అంటిన ఎర్రమట్టి వైపు చూశారు. చాలాసేపటికి, "అక్కడ చలి బాగా ఉందా బాబూ?" అని అడిగారు.

"ఉందండి" అన్నాడు వాడు.

ఆయన అరుగుమీద కొంచెము జరిగి, చోటు ఇచ్చారు.